మా జట్టులో ఇద్దరిని తీసేస్తారని నాకు తెలుసు, వాళ్లకు తెలియదు

మణికొండవాసి | ఫిబ్రవరి 3, రాత్రి 11.40

నిద్ర పట్టక రాస్తున్నాను. హైదరాబాదులో ఒక సాఫ్ట్‌వేర్ సంస్థలో పద్నాలుగు మంది ఉన్న జట్టుకు టీమ్ లీడ్‌ని. విదేశంలో వందల దుకాణాలున్న ఒక క్లయింటుకు బిల్లింగ్ వ్యవస్థ చూస్తుంటాం. మార్చి 31తో ఒప్పందం ముగుస్తుంది. దాన్ని పొడిగిస్తారు, కానీ బాగా తగ్గించి పొడిగిస్తారని కబురు. గత గురువారం మా మేనేజరు గదిలోకి పిలిచారు. ఇద్దరిని తగ్గించాలి, పేర్లు 20వ తేదీలోగా నువ్వే ఇవ్వాలి, ఉత్తరాలు మార్చి మొదటి వారంలో వెళ్తాయి, అంతవరకు ఎవరితోనూ అనవద్దు అన్నారు.

ఆ మర్నాడు మధ్యాహ్నం టీ దగ్గర మా జట్టులో ఒక అబ్బాయి ఫోనులో నాకు ఒక ఫ్లాటు ఫొటోలు చూపించాడు. కొల్లూరు వైపు, తొమ్మిదో అంతస్తు, తూర్పు ముఖం. రెండు లక్షలు అడ్వాన్సు ఇచ్చాడట. వచ్చే వారం అగ్రిమెంటు, ఆ తర్వాత 62 లక్షల బ్యాంకు లోను. "అన్నా, మన ప్రాజెక్టు ఉంటుంది కదా?" అని అడిగాడు. నేను "చూద్దాం" అని కప్పు పట్టుకుని లేచి వచ్చేశాను.

నేను ఇవ్వబోయే రెండు పేర్లలో అతని పేరు ఉండే అవకాశం ఎక్కువ. జట్టులోకి చివర వచ్చినవాడు అతనే. ఆరేళ్లుగా మనుషులతో పని చేయిస్తున్నాను. ఒక మనిషి కళ్లలోకి చూడకుండా లేచి రావడం ఇదే మొదలు. ఇలాంటి స్థితి దాటినవాళ్లు ఏం చేశారో చెప్పండి. ధైర్యవచనాలు కాదు, ఏం చేశారో కావాలి.


గుమ్మడిపువ్వు | ఫిబ్రవరి 4, ఉదయం 7.15

నేను టీమ్ లీడ్‌ని కాను, జట్టులో ఉండే మనిషిని. ఒక్క మాట. మీ జట్టుకు ఏమీ తెలియదని మాత్రం అనుకోకండి. ప్రతి నెలా జరిగే శిక్షణ ఆగిపోతే మాకు తెలుస్తుంది. ఖాళీ అయిన స్థానంలోకి కొత్తవారిని తీసుకోకపోతే తెలుస్తుంది. మీరు మునుపటిలా భోజనానికి మాతో రాకపోతే ఇంకా బాగా తెలుస్తుంది. మీరు చెప్పని చోటును మేము ఊహలతో నింపుకుంటాం. ఆ ఊహల్లో ఇద్దరు కాదు, పద్నాలుగు మందీ పోతారు.


సిబ్బందివిభాగం | ఫిబ్రవరి 4, ఉదయం 9.50

పదహారేళ్లుగా హెచ్‌ఆర్‌లో ఉన్నాను. ఇక్కడ అందరూ "చెప్పేయండి" అనే ముందు రెండో వైపు కూడా వినండి.

పేర్లు ఉత్తరం చేతికి వచ్చే రోజు దాకా మారుతూనే ఉంటాయి. ఒకే జాబితా నా కళ్ల ముందే మూడుసార్లు మారింది. ఒక లీడ్ జాలిపడి ఒకరికి చెవిలో చెప్పాడు. ఆ అమ్మాయి భయంతో తక్కువ జీతానికి వేరే చోట చేరిపోయింది. చివరి జాబితాలో ఆమె పేరే లేదు. ఆమె మంచి కోసమే చెప్పాడు, ఆమెకే నష్టం చేశాడు.

కాబట్టి పేర్లు చెప్పకండి. మీరు నిర్ణయించేవారు కాదు, సూచించేవారు మాత్రమే. ఖరారు కాని సంగతిని ఖరారైనట్టు చెప్పడం కూడా ఒక రకం అబద్ధమే.


శరత్కాలం | ఫిబ్రవరి 4, మధ్యాహ్నం 1.05

పైన రాసినవారి మాటలో న్యాయం ఉంది, ఒప్పుకుంటాను. కానీ నాకు జరిగింది కూడా వినండి.

సంస్థ పేరు అనవసరం. ఏడేళ్లు చేశాను. ప్రసూతి సెలవు ముగించుకుని తిరిగి చేరిన నెలలోనే వదంతులు మొదలయ్యాయి. నేరుగా మా లీడ్ దగ్గరికి వెళ్లి అడిగాను. "నీకేం భయం లేదు, నువ్వు భద్రం" అన్నాడు. ఆ మాట నమ్మి, వచ్చిన ఒక ఇంటర్వ్యూకు రానని చెప్పాను. బాబు చిన్నవాడు, కొత్త చోట రాత్రి డ్యూటీలు ఎందుకు అనుకున్నాను. పంతొమ్మిది రోజుల తర్వాత నా లాగిన్ పని చేయలేదు.

ఉద్యోగం పోవడం పెద్ద దెబ్బే, కాని రెండున్నర నెలల్లో ఇంకొకటి దొరికింది. ఆ "భద్రం" అన్న మాట మాత్రం ఇప్పటికీ గుచ్చుతూనే ఉంది. అతనికి అప్పటికే తెలుసని తర్వాత తెలిసింది. "నాకు తెలియదు, ఇంటర్వ్యూకు వెళ్లి రా" అని ఉంటే చాలు. ఏ రహస్యం బయటపడేది కాదు.

మణికొండవాసి గారూ, మీరు "చూద్దాం" అన్నారు. "ఉంటుందిలే" అనలేదు. అక్కడితో ఆగకండి, అంతే.

ఇంకొకటి. పేర్లు రాసే రోజున, ఎవరు ఎదురు మాట్లాడరో, ఎవరు సెలవులో ఉన్నారో, ఎవరు ఆఫీసులో తక్కువగా కనిపిస్తారో వాళ్ల వైపు కలం దానంతట అదే వెళ్తుంది. నన్ను పంపింది నా పని కాదు, నేను ఆర్నెల్లు కంటికి కనిపించకపోవడం.


వకాల్తా | ఫిబ్రవరి 4, రాత్రి 8.20

కార్మిక చట్టాల కేసులు చూస్తుంటాను. చర్చ మనసుల మీద నడుస్తోంది, బాగుంది. కాగితం మీద సంగతి కూడా కొంచెం చెబుతాను, ఎందుకంటే చాలామంది లీడ్‌లకు తెలియకుండానే తమవారి చేత హక్కులు వదులుకునేలా సంతకాలు పెట్టిస్తారు.

1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం స్థానంలో పారిశ్రామిక సంబంధాల కోడ్ 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చింది. ఈ విషయంలో ముఖ్యమైన సూత్రం మారలేదు. ఏడాదికి తగ్గకుండా వరుసగా పనిచేసిన కార్మికుడిని అదనపు సిబ్బంది అన్న కారణంతో తొలగించాలంటే, కారణం చూపుతూ నెల ముందు రాతపూర్వక నోటీసు గానీ ఆ నెల జీతం గానీ ఇవ్వాలి. దానితోపాటు పనిచేసిన ప్రతి పూర్తి సంవత్సరానికి 15 రోజుల సగటు వేతనం పరిహారంగా ఇవ్వాలి. సాధారణంగా ఆ తరగతిలో చివర చేరినవారు ముందు వెళ్లాలి. ఆ వరుస తప్పితే ఎందుకు తప్పిందో రాసి ఉంచాలి. బాకీ వేతనాలు రెండు పనిదినాల్లో చెల్లించాలని వేతనాల కోడ్ చెబుతోంది.

ఇవన్నీ "కార్మికుడు" అన్న నిర్వచనంలోకి వచ్చేవారికే. ప్రధానంగా మేనేజరు పని చేసేవారు, నెలకు 18,000 రూపాయలకు మించిన జీతంతో పర్యవేక్షణ పని చేసేవారు అందులోకి రారు. సాఫ్ట్‌వేర్ ఇంజినీరు వస్తాడా రాడా అన్నది హోదా పేరును బట్టి కాదు, రోజూ చేసే అసలు పనిని బట్టి తేలుతుంది. ఇది వాదనకు నిలిచే విషయమే.

చాలాచోట్ల ఉత్తరం ఇవ్వకుండా "నువ్వే రాజీనామా చేస్తే సర్టిఫికెట్ బాగా ఇస్తాం" అంటారు. రాజీనామా చేసినవారిని సంస్థ తొలగించినట్టు కాదు, అప్పుడు పరిహారం ప్రశ్నే ఉండదు. ఆ మాట మీ నోటితో చెప్పించాలని చూస్తే ఒప్పుకోకండి. ప్రసూతి సెలవులో ఉన్న స్త్రీని ఆ సెలవు కాలంలో తొలగించడం 1961 నుంచీ చట్టవిరుద్ధం. శరత్కాలం గారి విషయంలో సెలవు ముగిశాక చేశారు. అది యాదృచ్ఛికం అని నేను అనుకోను.


మాధాపూర్2009 | ఫిబ్రవరి 5, రాత్రి 12.30

కొంచెం పెద్దగా రాస్తాను, ఓపిక పట్టండి.

2009 జనవరి 7, బుధవారం. నేను సత్యం కంప్యూటర్స్‌లో పనిచేస్తున్నాను. ఛైర్మన్ రామలింగరాజు లేఖ బయటికి వచ్చింది. ఖాతాల్లో చూపిన నగదులో, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్ల రూపాయలు అసలు లేవని ఆయనే రాశారు. ఆ లేఖ మాకు సంస్థ నుంచి కాదు, టీవీ నుంచి తెలిసింది. సాయంత్రానికి షేరు విలువ నాలుగింట మూడు వంతులకు పైగా కరిగిపోయింది. మా నాన్న ఊరి నుంచి ఫోను చేసి "జీతం వస్తుందా?" అని ఒక్కటే అడిగారు. మాలో ఎవరికీ జవాబు తెలియదు. అందరి ఇళ్ల నుంచీ అదే ఫోను.

మా ప్రాజెక్టు మేనేజరు ఒకావిడ. ఇరవై రెండు మందిమి. ఆవిడ ఆ రోజు సాయంత్రం నాలుగున్నరకు మమ్మల్ని కాఫీ మిషను దగ్గర నిలబెట్టి అన్న మాటలు ఇంచుమించు ఇవి: "ఈ నెల జీతం వస్తుందో రాదో నాకు తెలియదు. రాదని నాకు తెలిసిన రోజే మీకూ చెబుతాను. రేపు ఇదే సమయానికి ఇక్కడే కలుద్దాం."

మర్నాడు అదే సమయానికి వచ్చారు. ఆ తర్వాత నెలల తరబడి పనిరోజుల్లో ఒక్కరోజు కూడా తప్పలేదు. కొన్ని రోజులు నిజంగా కబుర్లు ఉండేవి. 9న కేంద్ర ప్రభుత్వం పాత బోర్డును తీసేసింది. 11న, ఆదివారం, దీపక్ పరేఖ్, కిరణ్ కార్నిక్, అచ్యుతన్‌లను కొత్త డైరెక్టర్లుగా వేసింది. చాలా రోజులు ఏమీ ఉండేది కాదు. అప్పుడు ఆవిడ వచ్చి "ఇవాళ కొత్త సంగతి లేదు" అని చెప్పి వెళ్లేవారు. అర నిమిషం పని. మాకు మాత్రం ఆ అర నిమిషమే ఆధారం. నాలుగున్నర దాకా వదంతులు వినకుండా పని చేసుకోగలిగేవాళ్లం, ఎందుకంటే ఏదైనా ఉంటే నాలుగున్నరకు వస్తుంది.

రెండో పని. ఇంటర్వ్యూలకు వెళ్లేవారు తనకు చెప్పి వెళ్లమన్నారు. "అబద్ధపు జ్వరాలు వద్దు. ఎవరు ఏ రోజు ఉండరో తెలిస్తే క్లయింటు పని నేను సర్దుకుంటాను" అన్నారు. వేరే జట్లలో ఇదే విషయం దొంగతనంలా జరిగింది. మా దగ్గర ఐదుగురు వెళ్లారు, ఐదుగురూ తమ పని పూర్తిగా అప్పగించి వెళ్లారు. మిగిలిన పదిహేడు మందిమి ఉన్నాం, క్లయింటూ ఉన్నాడు.

ఏప్రిల్ 13న టెక్ మహీంద్రా షేరుకు 58 రూపాయల చొప్పున మా సంస్థను కొనే బిడ్ గెలిచింది. ఆఫీసంతా మిఠాయిలు. ఆవిడ నాలుగున్నరకు వచ్చి "సంస్థ నిలబడింది. మన అందరి ఉద్యోగాలు నిలబడ్డాయని దీని అర్థం కాదు" అన్నారు. కొందరికి ఆ మాట చేదుగా తగిలింది. జూన్‌లో, మిగులుగా ఉన్న వేలమందిని తక్కువ జీతం మీద వర్చువల్ పూల్ అనే జాబితాలో ఉంచారు. అప్పుడు అర్థమైంది, ఆవిడ ఏప్రిల్‌లో మా ఆనందం చెడగొట్టలేదని.

మణికొండవాసి గారూ, మీ దగ్గర ఇప్పుడు లేనిది ఆ నాలుగున్నర. ముందు ఒక సమయం పెట్టండి.


సిబ్బందివిభాగం | ఫిబ్రవరి 5, ఉదయం 9.10

ఇది నేను మనస్ఫూర్తిగా ఒప్పుకునే పద్ధతి. ఆవిడ తనకు తెలియని దేన్నీ చెప్పలేదు, చెప్పకూడని దేన్నీ చెప్పలేదు.

నిన్నటి నా మాటకు ఒకటి కలుపుతాను. రహస్యం అన్నది పేర్లకు. ప్రాజెక్టు పరిస్థితికి కాదు. మణికొండవాసి గారు మేనేజరును ఒక ప్రశ్న అడగాలి: "ఒప్పందం తగ్గవచ్చు అన్నంతవరకు జట్టుతో అనవచ్చా?" నోటిమాటగా కాదు, మెయిల్‌లో. చాలామంది మేనేజర్లు "ఎవరితోనూ అనవద్దు" అన్నది అలవాటుగా అంటారు. గీత ఎక్కడ గీయాలో వాళ్లూ ఆలోచించి ఉండరు.


డాలస్‌దారి | ఫిబ్రవరి 5, సాయంత్రం 6.45

నేను హెచ్‌1బీ మీద అమెరికాలో ఉన్నాను. ఇక్కడ ఉద్యోగం పోతే గరిష్ఠంగా 60 రోజులు. ఆ లోపు వేరే సంస్థ మన తరఫున దరఖాస్తు వేయాలి, లేదా వీసా మారాలి, లేదా సామాను సర్దుకోవాలి. పెద్ద ఎత్తున తొలగింపులు చేసేటప్పుడు, వందమందికి పైబడిన సంస్థలు 60 రోజుల ముందు చెప్పాలన్న చట్టం ఇక్కడ ఉంది. ఇద్దరు ముగ్గురిని తీసేటప్పుడు అది వర్తించదు. 2023 జనవరిలో గూగుల్ 12,000, మైక్రోసాఫ్ట్ 10,000 అని ప్రకటించిన నెలలో మా సంస్థలోనూ, చిన్నదే, కోతలు వచ్చాయి.

మా లీడ్ తమిళుడు. డిసెంబరులోనే వీసా మీద ఉన్న మా నలుగురినీ కూర్చోబెట్టి, "నా దగ్గర జాబితా లేదు. కానీ మీ పేస్లిప్పులు, వీసా కాగితాలు, పిల్లల బడి రికార్డులు అన్నీ ఇంట్లో ఒకచోట పెట్టుకోండి, ఆఫీసు కంప్యూటర్‌లో మాత్రమే ఉంచకండి. రెజ్యూమె ఈ వారంలో రాసుకోండి" అన్నాడు. జనవరిలో నా ఉద్యోగం పోయింది. 41వ రోజున కొత్త సంస్థ దరఖాస్తు వేసింది. డిసెంబరులో ఆ మాట లేకపోతే మొదటి రెండు వారాలు కాగితాలు వెతకడానికే పోయేవి.

అతను రహస్యం చెప్పలేదు. ఏం సిద్ధం చేసుకోవాలో చెప్పాడు.


కొలిమి | ఫిబ్రవరి 6, ఉదయం 5.50

నమస్కారం. కంప్యూటర్ పని నాకు తెలియదు. విశాఖ ఉక్కు కర్మాగారంలో బ్లాస్ట్ ఫర్నేస్ విభాగంలో షిఫ్టు బాధ్యత చూసి పదవీ విరమణ చేశాను. మా ఫర్నేసులు మూడింటికీ పేర్లున్నాయి. గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ. మనిషి పేరు పెట్టి పిలిచినట్టే పిలుస్తాం.

2021 జనవరి 27న కేంద్ర మంత్రివర్గ సంఘం ప్లాంటులో నూరు శాతం వాటా అమ్మడానికి సూత్రప్రాయంగా ఒప్పుకుంది. ముప్పై రెండు మంది ప్రాణాలు పోయిన ఉద్యమంతో వచ్చిన ప్లాంటు అది. మా కుర్రవాళ్లలో చాలామందికి అది తాతల నుంచి విన్న కథ. కూర్మన్నపాలెం దగ్గర శిబిరం వేశారు. డ్యూటీ దిగి శిబిరంలో కూర్చుని, నిద్ర లేకుండా మళ్లీ డ్యూటీకి వచ్చేవాళ్లు ఉండేవారు. 2025 జనవరిలో 11,440 కోట్ల ప్యాకేజీ వచ్చేదాకా నాలుగేళ్లు. రేపు ఎలా ఉంటుందో తెలియకుండా నాలుగేళ్లు.

ఫర్నేసుకు ఈ సంగతులు పట్టవు. ఇష్టం వచ్చినప్పుడు ఆపి, ఇష్టం వచ్చినప్పుడు వెలిగించే పొయ్యి కాదు. చల్లారితే లోపల ఇనుము గడ్డకడుతుంది. లోహం దాదాపు 1,500 డిగ్రీల వేడితో కాలువలో పారుతుంటే, పక్కన నిలబడ్డ మనిషి ఇంటి లోను గురించి ఆలోచిస్తున్నాడంటే అది నా సమస్య.

షిఫ్టు మొదట్లో భద్రత గురించి పది నిమిషాలు మాట్లాడుకోవడం మాకు మొదటి నుంచీ ఉంది. ఆ కాలంలో నేను దానికి ముందు ఇంకో పది నిమిషాలు పెట్టాను. ఎవరు ఏం విన్నారో అక్కడే అనేయాలి. ఎవరూ నవ్వకూడదు, ఎవరూ తిట్టుకోకూడదు. నాకు తెలిసింది ఉంటే చెబుతాను, లేకపోతే లేదంటాను. ఆ మాట అయిపోయాక హెల్మెట్. హెల్మెట్ పెట్టుకున్నాక ఆ మాట లేదు. మనసు బాగాలేదని ఎవరైనా చెబితే ఆ రోజు కాలువ దగ్గర కాకుండా వేరే పని ఇచ్చేవాణ్ణి. చెప్పినందుకు ఎవరినీ తక్కువ చేయలేదు, అందుకే చెప్పేవారు. ఆ నాలుగేళ్లలో నా షిఫ్టులో ఎవరికీ దెబ్బ తగలలేదు.

బాబూ, నీ ప్రశ్నకు నా జవాబు ఇది. ఒక్కడికి చెబితే మిగిలినవారికి ద్రోహం. ఎవరికీ చెప్పకపోతే అందరికీ ద్రోహం. అందరికీ వర్తించేది అందరికీ చెప్పు. మార్చి దాటేదాకా పెద్ద అప్పు చేయవద్దు అన్నది పద్నాలుగు మందికీ వర్తిస్తుంది కదా? నీకు కూడా.


అచ్చుయంత్రం | ఫిబ్రవరి 6, ఉదయం 11.25

కొలిమి గారి చివరి మాట చదివి రాయాలనిపించింది. విజయవాడ సింగ్‌నగర్‌లో మాకు చిన్న ప్రింటింగ్ ప్రెస్సు. పదకొండు మంది పనివాళ్లు. 2024 సెప్టెంబరు 1 ఆదివారం బుడమేరు ముంచేసింది. నీళ్లు తీశాక చూస్తే ఆఫ్‌సెట్ మిషను మోటారు దాకా బురద, కాగితం రీములు ఉబ్బి గోడకు అతుక్కుపోయాయి. కాలండర్ల సీజను ముందు.

మనవాళ్లు మొదటి రోజే అడిగారు, ప్రెస్సు తెరుస్తారా మూస్తారా అని. నేను అకౌంటు పుస్తకం తెచ్చి బల్ల మీద పెట్టి చదివాను. బ్యాంకులో ఎంత ఉంది, ఎవరికి ఎంత బాకీ, కాలండర్లకు ఎంత అడ్వాన్సు తీసుకున్నాం. సగం కూలీ మీద ఆరు వారాలు నడపగలను, అప్పటికి మిషను తిరగకపోతే మూయాలి అని చెప్పాను. మా అన్నయ్యకు కోపం వచ్చింది, లెక్కలు పనివాళ్ల ముందు పెడతావా అని. ఇద్దరు వేరే చోటికి వెళ్లారు. వాళ్ల తప్పు లేదు. మా పెద్ద మిషను మనిషి, పాతికేళ్ల అనుభవం, తనకు తెలిసిన మెకానిక్‌ను గుంటూరు నుంచి తెచ్చి అప్పు మీద పని చేయించాడు. లెక్క తెలియకపోతే ఆ మెకానిక్ సంగతి అతనికి తట్టేదే కాదు. ఎంత కొరత ఉందో తెలిసినవాడికే ఎక్కడ తేవాలో తోస్తుంది.


మణికొండవాసి | ఫిబ్రవరి 7, రాత్రి 10.15

అందరికీ కృతజ్ఞతలు. ఒక్కొక్కటీ రెండుసార్లు చదివాను.

మేనేజరుకు మెయిల్ పంపాను, హెచ్‌ఆర్ గారు చెప్పినట్టే. గంటలో ఫోను చేసి, రాతలో ఎందుకు పెట్టావని కోప్పడ్డారు. తర్వాత కాసేపు ఆగి, "ఒప్పందం తగ్గే అవకాశం ఉంది అన్నంతవరకు చెప్పు. సంఖ్య వద్దు, పేర్లు వద్దు" అన్నారు. అదే మాట నేను మెయిల్‌లో తిరిగి రాసి పంపాను. కాదనలేదు.

ఈ సాయంత్రం ఐదింటికి అందరినీ పిలిచాను. ఒప్పందం తగ్గవచ్చు, నిర్ణయం ఇంకా బయటికి రాలేదు, నాకు తెలిసినవాటిలో కొన్ని చెప్పడానికి నాకు అనుమతి లేదు అని ఉన్నదున్నట్టు చెప్పాను. మార్చి 31 దాటేదాకా పెద్ద అప్పులేవీ పెట్టుకోవద్దు, నేను కూడా కారు మార్చాలనుకున్నది ఆపేశాను అన్నాను. ఇంటర్వ్యూలకు వెళ్లేవారు నాకు చెప్పి వెళ్లవచ్చు అన్నాను. ఇక నుంచి మంగళ, శుక్రవారాల్లో ఐదింటికి, కబురు ఉన్నా లేకపోయినా.

చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. ఆ అబ్బాయి తల దించుకుని ఉన్నాడు. తర్వాత మెట్ల దగ్గర "అన్నా, అగ్రిమెంటు వాయిదా అడుగుతాను" అన్నాడు. ఇంకేమీ అడగలేదు. నేనూ ఇంకేమీ చెప్పలేదు. ఈసారి అతని కళ్లలోకి చూశాను.


గుమ్మడిపువ్వు | ఫిబ్రవరి 8, ఉదయం 8.00

"చెప్పడానికి నాకు అనుమతి లేదు" అన్న మాట మా లీడ్ ఎప్పుడైనా అని ఉంటే నేను అతన్ని జీవితాంతం గౌరవించేదాన్ని. "ఏమీ లేదు" అన్నారు, ఎప్పుడూ.


శరత్కాలం | ఫిబ్రవరి 8, ఉదయం 10.30

పేర్ల సంగతి ఏం చేస్తున్నారు? అసలు కష్టం ఇంకా ముందుంది.


మణికొండవాసి | ఫిబ్రవరి 21, రాత్రి 9.40

శరత్కాలం గారు అడిగినదానికి జవాబు.

మీ మాట గుర్తు పెట్టుకుని పేర్ల కంటే ముందు పనుల జాబితా రాశాను. ఏప్రిల్ తర్వాత మిగిలే పని ఏమిటి, దానికి ఏ నైపుణ్యం కావాలి. ఆ తర్వాతే మనుషులు. మొదట నా మనసులో ఉన్న రెండో పేరు ఒకావిడది, వారంలో మూడు రోజులు ఇంటి నుంచి పని చేస్తారు. జాబితా రాశాక చూస్తే, మిగిలే పనిలో సగం ఆవిడకు తప్ప ఎవరికీ తెలియదు. రోజూ ఎదురుగా కనిపించకపోవడం వల్లే ఆ పేరు నాకు తోచిందని ఒప్పుకోవడానికి రెండు రోజులు పట్టింది.

మేనేజరు దగ్గరికి వెళ్లి ఒక్క పేరే ఇచ్చాను. రెండో స్థానానికి బదులు, మా సంస్థలోనే వేరే ప్రాజెక్టులో ఖాళీ ఉందని కనుక్కుని, అక్కడి లీడ్ ఒప్పుకున్న మెయిల్ చూపించాను. మా జట్టులో ఇంకొకరు అక్కడికి మారతారు, అతనికీ ఇష్టమే. మేనేజరు ఒప్పుకున్నారు. ఆ ఒక్క పేరు ఆ అబ్బాయిదే. అతన్ని కూడా ఎక్కడైనా సర్దాలని మూడు జట్ల దగ్గరికి తిరిగాను, కుదరలేదు.

ఇది ఇక్కడ రాయడం తప్పో కాదో తెలియదు. అతని గుర్తులు తెలిసేలా ఏమీ రాయలేదు.


వకాల్తా | ఫిబ్రవరి 21, రాత్రి 10.50

ఉత్తరం ఇచ్చే రోజు గదిలో మీరూ ఉంటానని అడగండి. రాజీనామా పత్రం ముందుకు తోస్తే "ఇంటికి తీసుకెళ్లి చదువుకుంటాను" అనే హక్కు అతనికి ఉందని మీ నోటితో చెప్పండి. అక్కడికక్కడే సంతకం పెట్టాలని ఏ చట్టమూ చెప్పదు.


మణికొండవాసి | మార్చి 6, రాత్రి 8.30

నిన్న ఉత్తరం ఇచ్చారు. నేను గదిలో ఉన్నాను. వకాల్తా గారు చెప్పినట్టే రాజీనామా పత్రం బల్ల మీదకు వచ్చింది. "ఇది ఈ రోజు పెట్టక్కర్లేదు, ఇంటికి తీసుకెళ్లు" అన్నాను. గదిలో నా వైపు చూసిన చూపులు చెప్పనక్కర్లేదు. ఈ రోజు మధ్యాహ్నం ఆ పత్రం వెనక్కి తీసుకుని, నెల నోటీసు జీతం, పరిహారం లెక్క కట్టిన ఉత్తరం ఇచ్చారు.

బయటికి వచ్చాక అతను అడిగిన మొదటి ప్రశ్న: "ఆ రోజు టీ దగ్గర మీకు తెలుసా అన్నా?" తెలుసు అన్నాను. కాసేపు మాట్లాడలేదు. అడ్వాన్సులో యాభై వేలు పోయాయట, మిగతా లక్షా యాభై వేలు బిల్డరు తిరిగి ఇచ్చాడట. "మీరు ఆ ఏడో తారీఖున చెప్పకపోయి ఉంటే లోను కూడా తీసుకునేవాణ్ణి" అన్నాడు. కోపం పూర్తిగా పోయిందని నేను అనుకోవడం లేదు. ఉండనివ్వండి, అది అతని హక్కు.

సాయంత్రం ఐదింటికి, శుక్రవారం కాబట్టి, మిగిలినవాళ్లతో కూర్చున్నాను. ఒకరు వెళ్లారు, ఒకరు వేరే ప్రాజెక్టుకు మారారు, ఈ ఒప్పందం కింద ఇంక తగ్గింపు లేదని మేనేజరు మెయిల్ ఇచ్చారు, సెప్టెంబరులో మళ్లీ సమీక్ష ఉంది, అప్పటి సంగతి తెలియదు అని చెప్పాను. ఒకరు అడిగారు, మంగళ, శుక్రవారాలు ఇక ఆపేస్తారా అని. ఆపను అన్నాను.

ఒక సాయం కావాలి. ఆ అబ్బాయికి బిల్లింగ్ వ్యవస్థల మీద నాలుగేళ్ల అనుభవం. జావా, డేటాబేసు పని బాగా వచ్చు. ఎవరూ ముట్టుకోని పాత కోడ్ చదివి తప్పు పట్టుకోవడంలో మా జట్టులో అతనే ముందు. హైదరాబాదు గానీ బెంగళూరు గానీ పరవాలేదు. మీకు తెలిసిన ఖాళీలుంటే చెప్పండి. అతని అనుమతి తీసుకునే అడుగుతున్నాను.


మాధాపూర్2009 | మార్చి 6, రాత్రి 9.05

మా దగ్గర చెల్లింపుల జట్టులో రెండు ఖాళీలున్నాయి. రెజ్యూమె ఇక్కడ పెట్టకండి, నాకు విడిగా పంపండి. సోమవారం ఉదయం అతనితో నేనే మాట్లాడతాను. పాత కోడ్ సంగతి రెజ్యూమెలో మొదటి వరుసలో రాయమనండి, మాకు కావాల్సింది అదే.


డాలస్‌దారి | మార్చి 6, రాత్రి 11.20

మా స్నేహితుడి సంస్థకు గచ్చిబౌలిలో ఆఫీసు ఉంది. అక్కడా అడుగుతున్నాను. రెజ్యూమె నాకూ పంపండి.